పాత కట్టడం పక్కన పొక్లెయిన్ దిగితే ఏం చేయాలి? బెజవాడ, గుంటూరు వాసుల కోసం

భట్టిప్రోలు బౌద్ధ స్తూపం పాలరాళ్లను 19వ శతాబ్దంలో పెరికి తీసుకెళ్లి వెల్లటూరు దగ్గర కాలువ తూము కట్టడానికి వాడేశారు. ఎత్తుకెళ్లింది దొంగలు కాదు, ప్రజాపనులు చేయిస్తున్న సర్కారువారే. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే తవ్విస్తే బ్రాహ్మీ అక్షరాలున్న ధాతుకరండాలు (అస్థి అవశేషాలు దాచే భరిణెలు) బయటపడ్డాయి. పోయిన రాళ్లతో పాటు ఇంకేం పోయిందో ఎవరూ చెప్పలేరు.

ఇప్పటి ముప్పు కూడా ఎక్కువగా ఆ దారినే వస్తుంది: రోడ్డు వెడల్పు, అపార్ట్‌మెంట్ సెల్లార్, గుడికి కొత్త గ్రానైట్. పొక్లెయిన్ దిగాక ఫోన్లు చేసి లాభం తక్కువ. ప్లాన్ కాగితం మీద ఉన్నప్పుడే కదలాలి.

ముందు, అది ఎవరి పరిధిలో ఉందో తేల్చుకోండి

ఉండవల్లి గుహలు, మొగల్రాజపురం గుహలు, ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలు కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థవి. ఇక్కడ చూసుకునేది ఆ సంస్థ అమరావతి సర్కిల్. కొండపల్లి కోట లాంటివి రాష్ట్ర పురావస్తు శాఖ కిందికి వస్తాయి, వాటికి 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది. ఈ రెండు జాబితాల్లోనూ లేనివే ఎక్కువ. పాత బావి, సత్రం, మండువా ఇల్లు, పొలం గట్టున శాసనపు రాయి అన్నీ ఈ మూడో గుంపే. దారి ఒక్కో గుంపుకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇది తేల్చకుండా అర్జీ రాస్తే ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపుతారు.

కేంద్ర కట్టడమైతే దూరం కొలవండి

పురాతన కట్టడాల రక్షణకు ఉన్న 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, అక్కడి నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ కొలత గుహ ముఖద్వారం దగ్గర మొదలు కాదు, రక్షిత స్థలం హద్దు దగ్గర మొదలవుతుంది. బిల్డర్లు టేపు పట్టేది మాత్రం ముఖద్వారం నుంచే! హద్దు ఏ సర్వే నంబర్లలో ఉందో సర్కిల్ కార్యాలయంలో అడగండి.

నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడానికి అనుమతే లేదు. ‘ప్రజావసరం’ అని చెప్పినా కుదరదని చట్టం విడిగా రాసి పెట్టింది. అంటే కార్పొరేషన్ తానే కమ్యూనిటీ హాలు కట్టాలనుకున్నా ఆగాల్సిందే. ఉన్న ఇంటి మరమ్మతుకు మాత్రం అనుమతి అడగవచ్చు. మురుగు కాలువలు, మంచినీటి సరఫరా, కరెంటు పనులు చట్టం చెప్పే ‘నిర్మాణం’ కిందికి రావు. కనుక వీధి డ్రైనేజీ పని చూసి కంగారుపడి ఫిర్యాదు చేయకండి, అసలైన ఫిర్యాదుకు విలువ పోతుంది.

నియంత్రిత ప్రాంతంలో కట్టుకోవచ్చు. అయితే ముందు నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. దరఖాస్తు అందిన 15 రోజుల్లో సంబంధిత అధికారి దాన్ని జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థకు పంపాలి, ఆ సంస్థ రెండు నెలల్లో తన మాట చెప్పాలి, ఆ తర్వాత నెలలోపు అనుమతో తిరస్కారమో రావాలి. మొగల్రాజపురంలా చుట్టూ ఇళ్లు కమ్ముకున్న చోట ఇల్లు కొనేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకుంటే మంచిది. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ప్లాన్ ఫైలు అడగండి

మొదట వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి. అక్కడ నోటిమాటతో తేలకపోతే కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘ఈ స్థలం గురించి మొత్తం సమాచారం ఇవ్వండి’ అని రాస్తే ఏమీ రాదు. ఫలానా సర్వే నంబరులో ఇచ్చిన ప్లాన్ నకలు, దానికి జతచేసిన పురావస్తు ఎన్‌ఓసీ నకలు, స్థల పరిశీలన నివేదిక అని విడివిడిగా అడగాలి. ఎన్‌ఓసీ ఫైల్లో లేదని లిఖితపూర్వకంగా వస్తే, మీ చేతికి అంతకన్నా గట్టి కాగితం మరొకటి అక్కర్లేదు.

30 రోజులు ఆగే వీల్లేకుండా పని నడుస్తుంటే, అదే రోజు కమిషనర్‌కూ పురావస్తు సర్కిల్‌కూ ఫొటోలతో రాసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. మూడు చోట్లా ఒకే తేదీ, ఒకే విషయం ఉండాలి. రేపు హైకోర్టు గడప తొక్కాల్సి వస్తే ముందు అడిగేది ఆ రశీదులే.

తవ్వకంలో ఏదైనా బయటపడితే

పని ఆపించండి. వస్తువును కదపకుండా పక్కన స్కేలో పెన్నో పెట్టి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటోలు తీయండి. ఎంత లోతులో, ఏ మట్టిపొరలో దొరికిందో రాసుకోండి, ఎందుకంటే వస్తువును ఊడబెరికితే సగం చరిత్ర అక్కడే పోతుంది. శాసనపు రాయిని ఇనుప బ్రష్షుతో తోమొద్దు, సున్నం కొట్టొద్దు. అక్షరాలు కనబడాలని పెయింట్ నింపే పెద్దమనుషులూ ఉన్నారు, వాళ్లకు దండం పెట్టి ఆపండి.

1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. హక్కుదారులు ఎవరూ లేరని తేలితే దొరికినవారికీ వాటా వస్తుంది. కూలీలకు ఈ సంగతి ముందే చెప్పాలి. భయపడితే వాళ్లు చెప్పరు, రాత్రికి రాత్రే వస్తువు మాయమవుతుంది.

గుడి మరమ్మతుల మీద మరింత కన్ను వేయాలి. గుంటూరు జిల్లా చేబ్రోలులో భీమేశ్వరాలయం బాగుచేస్తున్నప్పుడే శాతవాహన రాజు విజయుని సంస్కృత శాసనం బయటపడింది, అది క్రీ.శ. 207 నాటిది. బెజవాడ మల్లేశ్వరాలయంలో మధ్యాక్కర అనే తెలుగు ఛందస్సులో పద్యాలు చెక్కిన యుద్ధమల్లుని శాసనం ఉన్నదీ ఒక రాతి స్తంభం మీదే. అలాంటి స్తంభానికి టైల్స్ అతికిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. పని మొదలయ్యే ముందే రాతి స్తంభాలు, మెట్లు, గడపలు అన్నిటికీ ఫొటోలు తీయించమని ఈవోను, ధర్మకర్తలను అడగండి.

ఏ జాబితాలోనూ లేని కట్టడమైతే

ఇక్కడ బరువంతా కార్పొరేషన్ మీదే ఉంటుంది. సాంస్కృతిక అంశాల ప్రోత్సాహం పురపాలక సంస్థల పనుల్లో ఒకటని రాజ్యాంగం 12వ షెడ్యూలే చెబుతోంది. వార్డులో పాత కట్టడాల పేరు, చిరునామా, ఫొటో, యజమాని ఎవరు, ప్రస్తుత స్థితి ఏమిటి అన్న వివరాలతో ఒక జాబితా తయారుచేసి, తీర్మానం కోసం కార్పొరేటర్ ద్వారా కౌన్సిల్ అజెండాలో పెట్టించండి. ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంటే అర్జీ ఆయనకే ఇవ్వాలి. వేరొక కాపీ రాష్ట్ర పురావస్తు శాఖకు పంపి, రక్షిత కట్టడంగా ప్రకటించమని కోరండి.

సొంత ఇల్లు పడగొట్టుకుంటానంటున్న యజమానితో మాత్రం చట్టం పేరెత్తి మొదలుపెట్టకండి. ఆయన బాధ డబ్బు. భవన నిర్మాణ నిబంధనల్లో, బాగోగులు చూస్తూ నిలబెట్టిన వారసత్వ భవనానికి టీడీఆర్ (వేరే చోట వాడుకోగల, లేదా అమ్ముకోగల నిర్మాణ హక్కు) ఇచ్చే వీలుంది. టౌన్ ప్లానింగ్‌లో ఆయన ఇంటికి ఎంత వస్తుందో లెక్క వేయించుకొచ్చి ఆయన ముందు పెట్టండి.