రెండు ‘వెస్ట్’లు వేరుగా వినబడ్డాయి

పడమర దిక్కును చెప్పే ‘వెస్ట్’, చొక్కాపై తొడుక్కునే ‘వెస్ట్’ ఇంగ్లీషులో వేర్వేరు శబ్దాలతో మొదలవుతాయి. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. నా చెవికీ చాలాకాలం ఒకటే. మనకున్నది ఒకే ‘వ’ కదా! పసితనంలోనే చెవి మాతృభాషకు అలవాటుపడుతుంది. కొత్త శబ్దాన్నీ పాత గడిలోనే వేస్తుంది.

మొదట నోటితో ప్రారంభించాను. దిక్కుకు పెదవులు గుండ్రంగా చుట్టాలి, దుస్తుకు పై పళ్లు కింది పెదవిని తాకాలి. అద్దం ముందు బాగానే పలికేదాన్ని, ఫోనులో వింటే మళ్లీ మొదటికే. తరువాత రెండు వారాలు ఒకే గొంతు రికార్డింగులు విన్నాను. ఆ గొంతులో తేడా పట్టుబడింది, కొత్త మనిషి మాట్లాడితే జారిపోయింది.

దారి చూపింది 1991లో ఇండియానా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం. జపనీయులకు ఇంగ్లీషు ‘ర’, ‘ల’ల తేడా నేర్పడానికి వారు పలువురి గొంతులు వినిపించారు, ప్రతి జవాబుకూ తప్పొప్పులు వెంటనే తెలిపారు.

నేనూ అదే చేశాను. ఉచ్చారణ వినిపించే నిఘంటువుల నుంచి ఆడ, మగ, అమెరికన్, బ్రిటిష్ గొంతులు ఎంచుకుని, తాగే ‘వైన్’, ద్రాక్షతీగ ‘వైన్’ వంటి జంటలను కలగాపులగం చేశాను. చెల్లెలు వినిపించేది, అది ఏ మాటో నేను చెప్పేదాన్ని, తప్పయితే అక్కడికక్కడే మళ్లీ వినిపించేది. రోజుకు పావుగంట, ఒక్క రోజూ మానకుండా. నెల గడిచాక, ఎన్నడూ వినని ఒక వార్తాహరురాలి నోట ‘వ’ రెండుగా విడిపోయి వినిపించింది. ఎంత సంతోషించానో!

రద్దీలో ఇంకా పొరబడుతుంటాను. అప్పుడు ఎదుటివారి పెదవుల వంక చూస్తాను.