మూత్రపిండ రక్తప్రవాహం లెక్కకు ముందు జాగ్రత్తలు

కాకినాడ, రాజమహేంద్రవరాల్లో ఫిజియాలజీ పరీక్షకు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు:

ప్లాస్మాను (కణాలు తీసేస్తే మిగిలే రక్తద్రవాన్ని) రక్తం అనుకోకండి. పీఏహెచ్ (పారా-అమినోహిప్యూరిక్ ఆమ్లం, మూత్రపిండాలు చాలావరకు మూత్రంలోకి పంపేసే పదార్థం) క్లియరెన్స్, అంటే నిమిషంలో ఆ పదార్థం పూర్తిగా తొలగిపోయే ప్లాస్మా పరిమాణం, చెప్పేది ప్లాస్మా ప్రవాహమే. పీఏహెచ్ మూత్రంలో మి.లీ.కు 12 మి.గ్రా., ప్లాస్మాలో 0.02 మి.గ్రా., మూత్రం నిమిషానికి 1 మి.లీ. అయితే జవాబు నిమిషానికి 600 మి.లీ. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 45 శాతమైతే దాన్ని 0.55తో భాగించాలి, అప్పుడు రక్తం సుమారు 1,090 మి.లీ. ఈ మెట్టు మరిస్తే జవాబు దాదాపు సగానికి పడిపోతుంది.

600 అసలు ప్రవాహం కూడా కాదు. ధవళేశ్వరం దగ్గర కాలువల్లోకి మళ్లని నీరు సముద్రంలో కలిసినట్టు, సుమారు పదో వంతు పీఏహెచ్ వడపోతకూ స్రావానికీ (నాళికలు రక్తంలోంచి మూత్రంలోకి నెట్టడానికీ) చిక్కక సిరలోకి జారిపోతుంది. అసలు ప్రవాహం అడిగితే 0.9తోనూ భాగించండి.

ప్లాస్మాలో పీఏహెచ్ తక్కువగానే ఉండాలి. మోతాదు మించితే నాళికల స్రావశక్తి చాలక క్లియరెన్స్ పడిపోతుంది.

ప్రొబెనెసిడ్ అనే గౌట్ మందు వాడుతున్న వ్యక్తిని ఈ కొలతకు ఎంచుకోకూడదు; అది ఆ స్రావానికే అడ్డుపడుతుంది.

ఎండాకాలమైతే ముందుగా బాగా నీళ్లు తాగించాలి. మూత్రం తక్కువైతే మూత్రాశయంలో మిగిలిన కొద్దిపాటి చుక్కలే లెక్కను తారుమారు చేస్తాయి.

పీఏహెచ్ బదులు ఇన్యులిన్ అనే మరో పదార్థం వాడితే, అది కొలిచేది వడపోతను, ప్రవాహాన్ని కాదు.