కొత్త ఎయిర్ పిస్టల్, మొదటి రోజు రేంజ్: గురి కుదరకపోతే ఎక్కడ వెతకాలి

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక భీమవరం, అమలాపురం వైపు కూడా పిల్లలు ఎయిర్ పిస్టల్ కావాలని అడుగుతున్నారు. పెద్ద పోటీల్లో కనబడే విదేశీ పిస్టల్ లక్ష రూపాయలు దాటిపోతుంది. అందుకని ఇంట్లోవాళ్లు వేలల్లో వచ్చేది కొనిస్తారు. అది సరైన నిర్ణయమే. కానీ మొదటి రోజు రేంజిలో గురిపెట్టే అట్ట మీద పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) తలోదిక్కూ పడేసరికి "చవక సరుకు, ఇంతేలే" అనేసి పెట్టెలో పడేస్తున్నారు. నా దగ్గరికి అలా వచ్చిన పిస్టళ్లలో ఎక్కువ వాటికి ఏ లోపమూ లేదు. తేడా పెల్లెట్‌లోనో, బ్యారెల్‌లో మిగిలిన కంపెనీ నూనెలోనో, మన డెల్టా చెమ్మలోనో, పట్టుకున్న చేతిలోనో ఉంది.

ఇక్కడ చెప్పేదంతా 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్ గురించి. ఈ సైజులో, 20 జౌళ్ల శక్తి దాటని వాటికి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన ఆటబొమ్మ కాదు, కన్ను పోగొట్టగలదు. రేంజిలో ఉన్నవాళ్లందరికీ కళ్లద్దాలు ఉండాలి, బిల్లు కాపీ పెట్టెలోనే ఉండాలి.

ముందు పిస్టల్ తప్పో, చేతి తప్పో తేల్చండి

సైట్ (గురి చూడ్డానికి పిస్టల్ మీద ముందూ వెనకా ఉండే భాగం) స్క్రూ ముట్టుకోకముందే ఈ పరీక్ష చేయండి. 10 మీటర్ల దూరంలో అట్ట పెట్టి, బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చోండి. బల్ల మీద ఇసుక సంచి పెట్టి మణికట్లు దాని మీద ఆనించండి. పిస్టల్‌ని మాత్రం సంచికి తగలనివ్వకండి. స్ప్రింగ్ పిస్టల్ (స్ప్రింగ్ తోసిన పిస్టన్ గాలిని నొక్కే రకం) పేలేటప్పుడు లోపలి పిస్టన్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. గట్టిదాని మీద ఆనిస్తే ఆ కుదుపుకే గురి మారిపోతుంది. ఒకే డబ్బాలోంచి ఐదు పెల్లెట్లు తీసి, ఒకే చోట గురిపెట్టి కొట్టండి. ఎక్కడ పడ్డాయన్నది ఇప్పుడు అనవసరం, ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయో చూడండి.

అట్ట మీద తొమ్మిదో వలయం వెడల్పు 27.5 మిల్లీమీటర్లు, దాదాపు పది రూపాయల బిళ్లంత. ఐదూ అంత జాగాలో పడితే నేర్చుకునేవాళ్లకి ఆ పిస్టల్ చాలు. ఆ గుంపు మధ్యకి దూరంగా పడినా దిగులు లేదు, దాన్ని సైట్లతో సరిచేసుకోవచ్చు. పెల్లెట్ ఎటు జరగాలో వెనక సైట్‌ని అటే జరపాలి. ముందు సైట్ జరిగే రకమైతే దానికి రివర్సు. కూర్చుంటే దగ్గరగా, నిలబడితే చెదురుగా వస్తే తేడా చేతిలో ఉంది. కూర్చున్నా చెదిరితే ముందు పెల్లెట్, తర్వాత బ్యారెల్, ఆ తర్వాత సీల్ (గాలి కారకుండా ఆపే భాగం) చూడండి. ఈ వరస వదిలేసి ముందే సైట్లు తిప్పేస్తే సాయంత్రానికి అసలు తేడా ఎక్కడ మొదలైందో కూడా తెలియదు.

పొగ వస్తోంది, టపాకాయలా పేలుతోంది

బ్యారెల్ విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ పిస్టళ్లలో కొత్తలో ఇది మామూలే. తుప్పు పట్టకుండా కంపెనీలో పూసిన నూనె లోపల ఉంటుంది. పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కితే పుట్టే వేడికి ఆ నూనె అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్ నడిచేది ఈ పద్ధతిలోనే. నూనె మండిన పెల్లెట్ వేగంగా, మండనిది నెమ్మదిగా పోతుంది కాబట్టి ఒకటి పైన, ఒకటి కింద పడతాయి.

బ్యారెల్ ఖాళీ అని చూసుకుని, మెత్తటి నూలుగుడ్డ ముక్కల్ని వెనక నుంచి మూతి వైపు తోయండి. గుడ్డ పొడిగా బయటికి వచ్చేదాకా తోయాలి. కొద్దిపాటి పొగ మిగిలినా మొదటి డబ్బా అయ్యేలోగా పోతుంది. పోకుండా గట్టిగా పేలుతూనే ఉంటే లోపల గ్రీజు ఎక్కువైనట్టు. అలాగే వాడితే సీలూ స్ప్రింగూ రెండూ పోతాయి, అమ్మినవాళ్లకి చూపించండి. కుట్టుమిషన్ నూనె ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, చెయ్యి ఊరుకోదు; గాలి వచ్చే రంధ్రంలో ఆ నూనెగానీ, తుప్పు వదలగొట్టే స్ప్రేగానీ వేయకండి. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కకండి కూడా. ఎదురుగా పెల్లెట్ ఉంటేనే గాలి అడ్డుపడి పిస్టన్ వేగం తగ్గుతుంది. లేకపోతే ఇనుముని ఇనుము కొట్టినట్టే.

కూర్చుని కొట్టినా చెదిరిపోతున్నాయి

పెల్లెట్‌తో మొదలుపెట్టండి. అట్ట పోటీలకి తల చదునుగా ఉండే పెల్లెట్ వాడతాం, అది కాగితాన్ని గుండ్రంగా కత్తిరిస్తుంది. మొన తేలినవి కాగితాన్ని చింపుతాయి, స్కోరు చెప్పడం కష్టం. ఒకే కంపెనీ పెల్లెట్లు 4.49, 4.50, 4.51 అని మూడు తలసైజుల్లో దొరుకుతాయి. ఏ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో కొట్టి చూస్తేనే తెలుస్తుంది. పిస్టల్ మార్చే ముందు పెల్లెట్ మార్చి చూడండి, ఖర్చు కొన్ని వందలే.

చిల్లు గుండ్రంగా కాక పొడుగ్గా పడుతోందంటే పెల్లెట్ దొర్లుతూ పోతోంది. దాని వెనక అంచు నొక్కుకుపోయి ఉండాలి, లేదా బ్యారెల్ మూతి దగ్గర గాటు ఉండాలి. పెల్లెట్లని అరచేతిలో పరిచి సొట్టపడినవి ఏరేయండి. మూతి గాటు ఇంట్లో సరిచేసేది కాదు.

నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే సీసం మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. అలాంటివి బ్యారెల్‌లో ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా వెళ్తాయి. పైగా ఆ పొడి విషం. వాటిని పారేసి, కొత్త డబ్బాని సిలికా జెల్ పొట్లంతో కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టండి. పెల్లెట్లు నోట్లో పెట్టుకోవడం, రేంజిలో తినడం రెండూ వద్దు. కొట్టడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునే దాకా పిల్లల్ని అన్నం దగ్గర కూర్చోనివ్వకండి. పెద్దలు తేలిగ్గా వదిలేసేది ఇదే, అసలు గట్టిగా పట్టించుకోవాల్సిందీ ఇదే.

పెల్లెట్ మార్చినా మారకపోతే సీల్ చూడాలి. బ్యారెల్ మడత దగ్గర పల్చటి టిష్యూ కాగితం ముక్క పెట్టి కొట్టండి. కాగితం ఎగిరితే అక్కడి సీల్ రింగు (ఓ-రింగ్) అరిగిపోయి గాలి బయటికి పోతోంది, కొత్తది వేయించాలి. మడత బోల్టు, సైట్ స్క్రూలు, గ్రిప్ స్క్రూ కూడా ఓసారి బిగించి చూడండి. కొత్త పిస్టళ్లలో ఇవి వదులుగా రావడం కొత్తేమీ కాదు.

పంపుతో గాలి నింపే పిస్టల్: చెమ్మ లోపలికి పోతోంది

సిలిండర్‌లో 200 బార్ (బయటి గాలికి సుమారు 200 రెట్ల ఒత్తిడి) దాకా గాలి నింపి వాడే రకానికి మన వైపు అసలు శత్రువు ఇదే. లెక్క చూడండి. 32 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న రోజు ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 28 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. 100 సీసీ సిలిండర్‌ని 200 బార్‌కి నింపాలంటే 20 లీటర్ల బయటి గాలి నొక్కాలి. అంటే అర గ్రాము పైచిలుకు నీరు, దాదాపు పది చుక్కలు. అందులో కొంత పంపులోనే ఆగుతుంది. మిగతాది సిలిండర్‌లోకి, వాల్వు దగ్గరికి, ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటర్‌లోకి పోతుంది. కొన్ని నెలలు గడిచాక పెల్లెట్ వేగం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, నింపిన గాలి రాత్రికి రాత్రే దిగిపోతుంది. అప్పుడు విప్పి చూస్తే లోపల తుప్పు.

ఏసీ గదిలో కూర్చుని పంపు కొట్టండి. 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో ఘనపు మీటరుకి సుమారు 11 గ్రాముల నీరే ఉంటుంది, బయటి దాంట్లో సగం కూడా కాదు. పంపు గాలి పీల్చేచోట సిలికా జెల్ నింపిన ఫిల్టర్ బిగించండి. ఒక్క ఊపున నింపేయకుండా మధ్యమధ్య ఆపి పంపుని చల్లారనివ్వండి, ఆగిన ప్రతిసారీ కింది స్క్రూ తిప్పి నీటిని వదలండి. రంగు మారిన సిలికా జెల్‌ని సన్నటి సెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. దానికి వంటకి వాడే మూకుడు మాత్రం వద్దు.

ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. డెల్టాలో చేప పిల్లలు, రొయ్య పిల్లలు ప్యాక్ చేసే ప్రతిచోటా ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది. "గాలే కదా, అక్కడ పట్టించేద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కి కొద్దిపాటి గ్రీజు తగిలినా సిలిండర్ పేలిపోతుంది. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ కూడా అంతే. మామూలు గాలి నింపేటప్పుడైనా ఆ జాయింట్ల దగ్గర పెట్రోలియం నూనె వాడకూడదు, సిలికాన్ గ్రీజు ఒక్కటే. సిలిండర్ మీద వేసిన గడువు తేదీ దాటితే అది ఎంత బాగా కనబడుతున్నా వాడకండి.

సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ పెల్లెట్లు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయా? అది లోపం కాదు. రెగ్యులేటర్ లేని పిస్టల్‌లో ఒత్తిడి తగ్గితే వేగం తగ్గుతుంది. ఎన్ని పెల్లెట్ల దాకా ఒకేచోట పడుతున్నాయో రాసుకుని, ఆ లెక్కకి ముందే నింపుకోండి.

మధ్యాహ్నం పైకి, గబగబా కొడితే కిందికి

ఇది కార్బన్ డయాక్సైడ్ బుడ్డి వేసే పిస్టళ్ల సంగతి. 20 డిగ్రీల దగ్గర బుడ్డిలో ఒత్తిడి 57 బార్. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండదు, ఒత్తిడి బాగా పెరిగిపోతుంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పెల్లెట్ పైకి పోవడం, వాల్వు బిగుసుకుపోవడం అందుకే. వెంటవెంటనే కొడితే బుడ్డి చల్లబడి కిందికి పడతాయి. ఎండాకాలం తెల్లవారుజామునే సాధన పెట్టుకోండి, పెల్లెట్‌కీ పెల్లెట్‌కీ మధ్య అర నిమిషం ఆగండి. ఎండలో ఆపిన కారులో బుడ్డీలు వదిలేయకండి. నన్నడిగితే డెల్టాలో నేర్చుకోవడానికి ఈ రకం కొనకపోవడమే మంచిది.

అన్నీ ఎడమవైపు, కిందికి

కుడిచేతివాళ్లకి ఈ గుర్తు కనబడితే పిస్టల్‌ని వదిలేసి వేలిని చూడండి. ట్రిగ్గర్‌ని మెల్లగా నొక్కే బదులు లాగేస్తున్నారు, లాగుతూ మిగతా నాలుగు వేళ్లూ బిగిస్తున్నారు. చవక పిస్టల్ ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది కాబట్టి ఈ తప్పు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. పోటీ నియమం ప్రకారం ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. మీది అంతకి రెండింతలు ఉన్నా నేర్చుకోవచ్చు. స్ప్రింగ్ కోసి తేలిక చేసే ప్రయత్నం వద్దు, చెయ్యి తగిలితే పేలే పిస్టల్ అవుతుంది.

చూపు ఎక్కడ నిలపాలన్నది అంతకన్నా ముఖ్యం. రెండు సైట్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు ఉన్న పిస్టల్‌లో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 10 మీటర్ల దగ్గర పెల్లెట్ 33 మిల్లీమీటర్లు జరుగుతుంది. పది వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే. అందుకే అట్ట మధ్యలో ఉండే నలుపుని చూడకూడదు. ముందు సైట్ స్పష్టంగా, అట్ట మసగ్గా కనబడాలి. పిల్లలకి ఇది మాటలతో ఎక్కదు. అట్టని వెనక్కి తిప్పి, వట్టి తెల్ల కాగితం మీద కొట్టించండి. చూడ్డానికి నలుపు లేకపోయేసరికి కన్ను సైట్ మీదికి దానంతటదే వస్తుంది, గుంపు దగ్గరపడుతుంది.

ఉక్కపోతకి అరచెయ్యి జారుతుంటే పక్కన పొడి తువ్వాలు ఉంచుకోండి. చెక్క గ్రిప్ వానాకాలంలో ఉబ్బి పట్టు మారిపోతే కంగారుపడి అరగదీయకండి, ఎండ కాసే రోజుల్లో మళ్లీ సర్దుకుంటుంది.

చిల్లు చుట్టూ కాగితం చిరిగిపోతోంది

అట్ట చెమ్మగిల్లింది. అట్టల కట్టని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కావలసినన్నే బయటికి తీయండి.

పెట్టె తెరిస్తే తుప్పు

పెట్టెలోని స్పాంజి చెమ్మని పట్టి ఉంచుతుంది. వాడాక పైభాగం తుడిచి, పల్చగా నూనె రాసి, ఆరుబయట కాకుండా గాలి ఆడే బీరువాలో ఉంచి తాళం వేయండి. చెమట వేలిముద్రలు ఒక్క రాత్రిలో మరకలవుతాయి.

కొబ్బరి చెట్టుకి అట్ట కట్టి కొడుతున్నారు

తోటలో రేంజ్ పెట్టుకునేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే. గట్టి మానుకి తగిలిన పెల్లెట్ వెనక్కి ఎగిరి వస్తుంది, చెట్టుకి తగలనిది కాలవగట్టు మీద నడిచేవాళ్ల వైపు పోతుంది. వెనక ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు అట్ట పెట్టండి. ఆ దిక్కున దారి ఉండకూడదు.

చెరువుల మీద కొంగల్నీ నీటికాకుల్నీ కొట్టడానికి అడిగితే ఇవ్వకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. గాయపడ్డ పిట్ట గట్టు కింద గంటల తరబడి కొట్టుకుని చస్తుంది. పిల్లవాడికి మొదటి పాఠం అది కాకూడదు.

విప్పకుండా వెనక్కి పంపాల్సినవి

కాక్ చేయగానే (కొట్టడానికి సిద్ధం చేయగానే) దానంతటదే పేలడం, సేఫ్టీ పెట్టినా ట్రిగ్గర్ పనిచేయడం, సిలిండర్ జాయింట్ దగ్గర బుస్సుమనడం, బ్యారెల్ మూతి గాటు. ఈ నాలుగూ ఇంట్లో చేసుకునే పనులు కావు. కూర్చుని కొట్టిన అట్టలు దాచి, వాటి మీద తేదీ, పెల్లెట్ పేరు, సైజు రాయండి. అవి చూపిస్తే "మీకు కొట్టడం రాదు" అన్న మాట చెల్లదు. పంపే ముందు బ్యారెల్‌లో పెల్లెట్ లేదని ఇద్దరు వేర్వేరుగా చూడాలి, సిలిండర్ గాలి పూర్తిగా వదిలేయాలి, బుడ్డి ఉంటే తీసేయాలి.