చెవితో తెలుసుకునే ట్రినిడాడ్ – మూడో పాఠం: పాన్‌యార్డ్‌లో అడుగు నుంచి వినడం

గత పాఠంలో కరీబియన్ దీవి అయిన ట్రినిడాడ్‌లో పుట్టిన కాలిప్సో అనే రకం పాట వింటూ, పల్లవిని మళ్లీ ఎక్కడ అందుకుంటున్నారో వేళ్ల మీద లెక్కపెట్టడం అభ్యసించాము. ఆ వేళ్ల లెక్క ఇంకా తడబడుతూ ఉంటే ఈ పాఠాన్ని రెండు రోజులు వాయిదా వేసుకుని, ముందు దానిని స్థిరపరచుకోవలసిందిగా మనవి, ఎందుకంటే ఇకమీద చేయబోయేదంతా దాని మీదే నిలబడుతుంది. ఈసారి పాటలో మాటలు ఉండవు. ఉక్కు పీపాలతో చేసిన పాన్ అనే వాద్యాలను నూరుమంది దాకా కలిసి వాయించే స్టీల్‌బ్యాండ్ ఎదుట నిలబడినప్పుడు మొదట ఒకే పెద్ద హోరుగా చెవిన పడే మోతను పొరలు పొరలుగా విడదీసి వినడమే ఈ పాఠంలో మనం పట్టవలసిన విద్య.

ముందుగా ఎక్కడికి వెళ్లాలో చెబుతాను. ట్రినిడాడ్‌కు సెలవులకు వెళ్లేవారిలో ఎక్కువమంది క్రైస్తవుల విభూది బుధవారానికి ముందు వచ్చే సోమ, మంగళవారాల కార్నివాల్ ఊరేగింపును చూసి, వేషాల ఫొటోలు తీసుకుని తిరిగి వచ్చేస్తారు. ఆ రెండు రోజులూ చూడదగ్గవే, సందేహం లేదు. కానీ మీ దగ్గర ఒక్క సాయంత్రమే ఉంటే దానిని కార్నివాల్‌కు ముందు వారాలలో ఏదో ఒక పాన్‌యార్డ్‌లో గడపమని నేను గట్టిగా చెబుతాను. పాన్‌యార్డ్ అంటే స్టీల్‌బ్యాండ్ తన వాద్యాలను ఉంచుకుని సాధన చేసుకునే ఆవరణ. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరంలో ఇవి ఇళ్ల మధ్యనే, దుకాణాల పక్కనే ఉంటాయి. డ్యూక్ స్ట్రీట్‌లో ఆల్ స్టార్స్, షార్లట్ స్ట్రీట్‌లో రెనిగేడ్స్ పేరున్న బృందాలు. మన క్రికెట్ అభిమానులకు బాగా తెలిసిన క్వీన్స్ పార్క్ ఓవల్ మైదానం ఎదుటనే ఇన్వేడర్స్ బృందం పెరిగింది. 1963లో మొదలైన పనోరమా అనే పోటీ కోసం ఈ బృందాలు రాత్రి పొద్దుపోయేదాకా సాధన చేస్తాయి, చుట్టుపక్కల జనం వచ్చి నిలబడి వింటారు.

ఈ వాద్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా దాని అడుగు పొర వినబడదు కనుక, చరిత్రను నాలుగు మాటలలో చెప్పుకుందాము. బానిసత్వం నుంచి 1838లో పూర్తిగా విడుదలైన ఆఫ్రికా సంతతి జనం కార్నివాల్‌ను తమ వీధిపండుగగా మార్చుకున్నారు. 1881లో పోలీసులతో పెద్ద ఘర్షణ జరిగిన తరువాత, 1884లో బ్రిటిష్ వలస ప్రభుత్వం వీధుల్లో డోళ్లు మోగించడాన్ని చట్టంతో కట్టడి చేసింది. చర్మవాద్యం చేతిలోంచి పోతే వారు వెదురు పట్టుకున్నారు. పొడవైన బొంగును నేలకేసి మోదితే బూమ్, పొట్టి బొంగులు రెండింటిని ఒకదాని కొసతో మరొకదానిని కొడితే ఫూలే, సన్నని బొంగును కర్రతో కొడితే కట్టర్. 1930ల చివరికి వెదురు స్థానంలో బిస్కెట్ డబ్బాలు, చెత్త డబ్బాలు, లారీ బ్రేక్ డ్రమ్ములు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిసే నాటికి చమురు దీవి అయిన ట్రినిడాడ్‌లో 55 గ్యాలన్ల ఖాళీ పీపాలకు కొదవ లేదు. ఆ పీపా అడుగు రేకునే శ్రుతి చేయడం నేర్చుకున్న పేదవాడల యువకులు 1951 నాటికి టాస్పో అనే బృందంగా లండన్‌లో జరిగిన బ్రిటన్ ఉత్సవానికి వెళ్లి వాయించారు. 1992లో స్టీల్‌పాన్‌ను దేశ జాతీయ వాద్యంగా ప్రకటించారు.

ఇప్పుడు వాద్యం దగ్గరికి వెళ్లి చూడండి. టెనర్ పాన్ అన్నిటికన్నా చిన్నది, రాగం వాయించేది. పీపా అడుగు రేకును సుత్తితో కొట్టి కొట్టి పెద్ద మూకుడులా లోపలికి దించుతారు. ఆ మూకుడు లోపలి ముఖం మీద ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క కోడిగుడ్డు ఆకారపు గడి గీసి, దాని అంచు వెంట చిన్నచిన్న పోట్లతో గాడి పెడతారు. తరువాత నిప్పు సెగలో కాల్చి, చిన్న సుత్తితో గంటల తరబడి తట్టుతూ శ్రుతి చేస్తారు. అంచు వెంట పన్నెండు పెద్ద గడులు ఉంటాయి, అంటే మన పన్నెండు స్వరస్థానాలు. కర్ణాటక సంగీతం కొద్దిగా తెలిసినవారికి ఇక్కడొక ఆనందం ఉంది. ఆ గడులు స, రి, గ, మ వరుసలో ఉండవు. స పక్కన ప, ప పక్కన దాని పంచమమైన రి, దాని పక్కన ద, ఆపైన గ, ని, ఇలా ప్రతి స్వరం పక్కన దాని పంచమమే ఉండేటట్లు వలయం తిరుగుతుంది. ఒకదానిని కొట్టినప్పుడు పక్క గడి కూడా సానుకూలంగా స్పందించడానికి ఈ అమరిక తోడ్పడుతుంది. లోపలి వలయంలో అవే స్వరాలు పై స్థాయిలో ఉంటాయి. వేలితో గాని ఉంగరంతో గాని తట్టి చూడాలన్న కోరిక కలుగుతుంది, దయచేసి ఆ పని చేయవద్దు. కొసకు రబ్బరు చుట్టిన పుల్లలతో తప్ప వాద్యకారులు సైతం దానిని తాకరు.

ఇక అసలు అభ్యాసం. కుర్చీలో నిటారుగా కూర్చుని కుడి పాదాన్ని సమంగా, నెమ్మదిగా నేలకు తాకిస్తూ ఉండండి. ఒక్కొక్క పాదఘాతానికి నాలుగు అక్షరాలు పలకాలి. అంటే రెండు పాదఘాతాలకు ఎనిమిది అక్షరాలు. ఆ ఎనిమిదిని నాలుగు, నాలుగుగా కాక మూడు, మూడు, రెండుగా విడదీసి ఇలా పలకండి: తకిట తకిట తక. పాదం మొదటి 'త' మీద పడుతుంది. రెండోసారి పాదం పడేది రెండో తకిటలోని 'కి' మీద, 'త' మీద పడదు. మొదట ఇక్కడే అందరికీ కాలు తప్పుతుంది, నోరు కాలిని తన వెంట లాక్కుపోవాలని చూస్తుంది. నోటి వేగాన్ని సగానికి తగ్గించి, 'కి' అన్న అక్షరాన్ని ఒత్తి పలుకుతూ నాలుగైదు రోజులు చేస్తే అది కుదురుకుంటుంది. కుదిరాక ప్రతి 'త' మీద చప్పట్లు కలపండి. మూడు చప్పట్లు, రెండు పాదఘాతాలు, ఎనిమిది అక్షరాలు. కాలు నేలను సమంగా తొక్కుతూ ఉండగా చేయి దానితో విభేదిస్తూ మళ్లీ మొదటి 'త' దగ్గర కలుసుకుంటుంది. కాలిప్సోలోనూ, 1970లలో దాని నుంచి పుట్టిన సోకాలోనూ ఒంటిని కదిలించేది ఈ విభేదమూ ఈ కలయికే. తాళం వేయడం చిన్నప్పటి నుంచి తెలిసిన మనకు ఇది అందని విద్య కాదు, అయితే ఒంటికి పట్టించకుండా బుర్రతో మాత్రమే అర్థం చేసుకుంటే పాన్‌యార్డ్‌లో పనికిరాదు.

పాన్‌యార్డ్‌లో నిలబడి మొట్టమొదట రాగాన్ని వెతకవద్దు. రాగం ఎలాగూ మీ చెవికి వచ్చి తగులుతుంది. ముందు ఇనుమును వెతకండి. బృందం నడుమ ఇంజన్ రూమ్ అని పిలిచే లయ విభాగం ఉంటుంది. అక్కడ డ్రమ్ సెట్, కాంగాలు అనే చేతి డోళ్లు, గీరే వాద్యం, వాటితోపాటు పాత బ్రేక్ డ్రమ్ములను ఇనుప కడ్డీలతో వాయించేవారు ఉంటారు. పేరు ఊరికే పెట్టలేదు, నూరుమందినీ లాగేది ఆ ఇంజనే. ఒక ఇనుము కదలకుండా ఒకే నడకను పట్టుకుని ఉంటుంది, మరొకటి దాని సందుల్లో దూరుతుంది. మొదటి ఇనుము దొరికేదాకా కళ్లు మూసుకుని పాదం కలపండి. దొరికాక ఆ పట్టు వదలకుండా చెవిని కిందికి, మంద్రస్థాయిలో మోగే బాస్ మీదికి దించండి. సిక్స్ బాస్ అంటే నిలువెత్తు పీపాలు ఆరు, వాద్యకారుడు వాటి మధ్యలో నిలబడి ఒళ్లంతా తిప్పుతూ స్పాంజి బంతులు తొడిగిన పుల్లలతో వాయిస్తాడు. ఆ స్వరం చెవికన్నా ముందు రొమ్ముకు తెలుస్తుంది. నడిమి పాన్‌లు లెక్కకూ లెక్కకూ నడుమ పొట్టి మీటులు వేస్తూ ఉంటాయి, వాటిని ప్రస్తుతానికి గుర్తిస్తే చాలు. అన్నిటికన్నా చివర టెనర్ పాన్‌ల రాగం మీదికి చెవిని ఎక్కించండి. ఆ క్రమంలో విన్నప్పుడు రాగం గాలిలో తేలుతున్నట్లు కాక, కింద ఉన్న ఇనుము మీద నిలబడి ఉన్నట్లు వినబడుతుంది.

సాధన రోజున వినడంలో ఉన్న మేలు ఇదే. పోటీ వేదిక మీద పెద్ద బృందం సుమారు ఎనిమిది నిమిషాల కూర్పును ఒక్క బిగిన వాయించేసి వెళ్లిపోతుంది, కొత్త చెవికి ఏ పొరా దొరకదు. పాన్‌యార్డ్‌లోనైతే ఆ కూర్పులోని చిన్న ముక్కను బాస్‌లకు ఒకసారి, టెనర్‌లకు ఒకసారి విడివిడిగా నేర్పి, తరువాత కలుపుతారు. వాద్యకారులలో చాలామంది స్వరలిపి చూసి వాయించరు. కూర్పరి చెప్పిన ముక్కను విని, తిప్పి వాయించి, తప్పితే మళ్లీ వాయించి కంఠస్థం చేసుకుంటారు. మనవైపు సంత చెప్పుకోవడం అనే పద్ధతి చూసినవారికి అది వెంటనే అర్థమవుతుంది. రెనిగేడ్స్‌ను 1982, 1997 మధ్య తొమ్మిదిసార్లు పనోరమా విజేతగా నిలిపిన కూర్పరి జిత్ సమరూ భారత సంతతివాడు. ఆఫ్రికా సంతతి పేదవాడలలో పుట్టిన వాద్యానికి భారతదేశం నుంచి వచ్చిన కూలీల సంతతివాడు అంతటి కూర్పరి కావడం ఈ దీవి గురించి ఎన్నో మాటలు చెబుతుంది.

ఆ కూలీల కథ నోటికి తెలిసే చోటు, డబుల్స్ అనే వీధి తినుబండారం అమ్మే బండి. 1845 మే 30న ఫతెల్ రజాక్ అనే ఓడలో మొదటి భారతీయ కూలీలు ట్రినిడాడ్ చేరారు, 1917 దాకా లక్షకు పైగా వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వచ్చిన భోజ్‌పురి ప్రాంతీయులు. మద్రాసు రేవు నుంచి ఎక్కిన తమిళులు, తెలుగువారు కొద్దిమంది ఉన్నారు, అక్కడ వారందరికీ మద్రాసీలన్న ఒకే పేరు మిగిలింది. డబుల్స్‌లోని బరా మన వడకు భోజ్‌పురి తోబుట్టువే, కానీ ఇక్కడ దానిని పసుపు, జీలకర్ర వేసి పులియబెట్టిన మెత్తని మైదాపిండితో అరచేతి వెడల్పున చేసి నూనెలో వేస్తారు. కాగితం మీద రెండు బరాలు పరచి, వాటి మీద పలుచని శనగల కూర, దోసకాయ పచ్చడి, చింతపండు పులుసు, మిరపకారం వేస్తారు. పైన తగిలే కొత్తిమీర వాసన షాడో బెని అనే రంపపుటంచు ఆకుది, కొత్తిమీరకన్నా అది మరింత ఘాటు. అడిగేటప్పుడు "స్లైట్" అంటే కారం కాస్త తగిలిస్తారు. గుంటూరు మిరపకాయ తిన్నవారైనా మొదటిసారి స్లైట్ అనే చెప్పండి, లోకంలోని అతి ఘాటైన మిరపకాయల్లో ఒకటైన మొరుగా స్కార్పియన్ ఈ దీవిదే. చెంచా అడగవద్దు. పై బరా అంచు చింపి, దానితోనే శనగలను ఎత్తుకుని నిలబడి తినాలి.

ఈ వారం అభ్యాసానికి పెద్ద స్టీల్‌బ్యాండ్ వాయించిన రికార్డింగ్ ఒకటి ఎంచుకుని రోజూ మూడుసార్లు వినండి. మొదటిసారి ఇనుమును మాత్రమే పట్టుకోండి, రెండోసారి ఇనుము వదలకుండా బాస్‌ను, మూడోసారి తకిట తకిట తక నోటితో పలుకుతూ మొత్తాన్ని వినండి. ఫోన్ స్పీకర్‌లో బాస్ సరిగా వినబడదు కనుక ఇయర్‌ఫోన్ తప్పదు. రాగం మొదలైన చోట ఇనుము చేజారితే తిరిగి మొదటికి రండి, అక్కడ అందరికీ చేజారుతుంది.

నాలుగో పాఠంలో చగ్వానస్ అనే పట్టణం వైపు వెళ్లి తాషా బృందాన్ని వింటాము. పెళ్లి ఊరేగింపుల్లో మోగే ఆ వాద్యానికి మేకతోలు బిగియడానికి, మనవైపు డప్పుకు చూపినట్లే, మంట సెగ చూపుతారు. అందులో ముందుండి నడిపే వాద్యం పేరు కట్టర్, నడక పట్టే వాద్యం పేరు ఫూలే. ఈ రెండు పేర్లను పైన వెదురుబొంగుల దగ్గర ఒకసారి చదివారు. తరువాతి పాఠానికి ఒక స్టీలు పళ్లెం, రెండు సన్నని పుల్లలు దగ్గర ఉంచుకోండి.