కారు డోర్ల నుంచి నీళ్ళు లోపలికొస్తుంటే ఫిర్యాదు ఎలా చేయాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి దరఖాస్తు విధానం

మొంథా తుఫాను వానలు, 2025 అక్టోబరు ఆఖరి వారం. కావలి నుంచి నెల్లూరు వస్తున్నాం. వెనక సీట్లో మా అత్తమ్మ కాళ్ళు రెండూ పైకి తీసుకుని మఠం వేసుకుని కూర్చుంది. "ఏంది అత్తమ్మా, చలేస్తందా?" అని అడిగాను. "చలి కాదు నాయనా, కింద నీళ్ళుండాయి" అంది. ఇంటికొచ్చి మ్యాట్ ఎత్తి చూస్తే కార్పెట్ పిండితే కారేట్టుంది. కారు కొని అప్పటికి ఐదు నెలలు. వరద నీళ్ళలో ఎక్కడా దింపలేదు, పైనుంచి పడిన వాన తప్ప.

షోరూం పేరు ఇక్కడ అనవసరం. ఆ రోజు మొదలు ఏమేం చేయాల్సి వచ్చిందో, ఏ కాగితం ఎక్కడ పనికొచ్చిందో రాస్తున్నాను. నాది వినియోగదారుల కమిషన్ దాకా పోకుండానే తేలింది. మా ఆఫీసులో ఒకాయన మాత్రం ఇలాంటి గొడవలోనే ఒంగోలులో కేసు వేశాడు, ఆ కాగితాలు దగ్గరుండి తయారు చేయించింది నేనే. అందుకని రెండు దారులూ తెలుసు.

ముందు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి

ఫిర్యాదులో "కారులోకి నీళ్ళు వస్తున్నాయి" అని రాస్తే చాలదు. ఏ డోరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది కావాలి. చాలామందికి తెలియని విషయం ఒకటుంది: డోర్ లోపలికి నీళ్ళు పోవడం తప్పు కాదు. అద్దం పక్కనున్న రబ్బరు దాటి కొంత నీరు డోర్‌లోకి దిగుతుంది, డోర్ అడుగున ఉండే చిన్న రంధ్రాల నుంచి బయటికి పోతుంది. డోర్ ప్యానెల్ వెనక జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు ఒకటి ఉంటుంది. నీళ్ళు ఆ షీటు దాటి క్యాబిన్‌లోకి రాకూడదు, అంతే లెక్క.

కాబట్టి లీకేజీకి సాధారణంగా మూడు కారణాలు. అడుగు రంధ్రాలు మట్టితో పూడిపోవడం, ఆ షీటు ఊడిపోవడం లేదా చిరగడం, డోర్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ సరిగా పట్టకపోవడం. మా వీధి మెకానిక్ అడుగున అగ్గిపుల్ల పెట్టి గెలికి చూసి "బొక్కలు బాగానే ఉండాయన్నా, లోపల షీటు లేచిపోయుంటాది" అన్నాడు. ఆయన మాటే నిజమైంది.

బీడింగ్ సంగతి మీరే చూడొచ్చు. పది రూపాయల నోటు డోర్‌కీ రబ్బరుకీ మధ్య పెట్టి డోరు వేసి లాగండి. బిగువుగా వస్తే రబ్బరు పట్టుంది, సులువుగా జారిపోతే అక్కడ పట్టు లేదు. చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చేయండి. తర్వాత ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఒకరు బయట నీళ్ళ పైపు పట్టుకోవాలి. పైపు కొసకి వేలు అడ్డం పెట్టొద్దు, మామూలు ధారే చాలు. కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. ఒక్కసారిగా పైనుంచి పోస్తే ఎక్కడ కారిందో తెలియదు. ఇదంతా ఫోన్‌లో ఒకే వీడియోగా తీయండి, మధ్యలో ఆపకుండా. మొదట నంబరు ప్లేటు, ఆ రోజు పేపరు మొదటి పేజీ కనపడాలి.

వాన లేని రోజు కూడా ముందు ఎడమ సీటు కాళ్ళ దగ్గర తడి ఉంటే అది డోరు కాకపోవచ్చు. ఏసీ నీళ్ళు పోయే గొట్టం పూడుకుపోతే అక్కడే చేరతాయి. అద్దం కింద వైపర్ల దగ్గర ఆకులు పేరుకున్నా లోపలికి దిగుతాయి. ఈ రెండూ కారణం కాదని తేల్చుకున్నాకే డోర్ మీద ఫిర్యాదు రాయండి, లేకపోతే అవతలి వాళ్ళు మొదటి వాయిదాకే ఆ మాట ఎత్తుతారు. బయట షాపులో డోర్ స్పీకర్లు మార్పించుకుని ఉంటే కూడా అంతే. స్పీకరు పెట్టాలంటే ప్యానెల్ విప్పాలి, షీటు కదలాలి. "మేము బిగించినట్టు లేదు" అనడానికి వాళ్ళకి అది చాలు.

జాబ్ కార్డు

కారు సర్వీసుకి ఇచ్చినప్పుడు మన ఫిర్యాదు, చేయాల్సిన పని రాసే కాగితం ఇది. మొత్తం వ్యవహారంలో ఇంత ముఖ్యమైన కాగితం ఇంకోటి లేదు. నేను తప్పు చేసింది కూడా ఇక్కడే.

మొదటిసారి సర్వీసుకి తీసుకుపోయినప్పుడు కౌంటర్‌లో అబ్బాయికి అంతా చెప్పాను. అతను తల ఊపాడు, రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను. సాయంత్రం కారు ఆరబెట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి జాబ్ కార్డు చూస్తే అందులో ఉన్నది రెండే మాటలు: ఇంటీరియర్ క్లీనింగ్. నీళ్ళ మాటే లేదు. వారం తర్వాత మళ్ళీ వాన పడింది, మళ్ళీ కార్పెట్ తడిసింది. రెండోసారి పోతే "ఇంతకుముందు మీరు ఈ కంప్లైంట్ ఇవ్వలేదు కదా సార్" అన్నారు. కాగితం ప్రకారం వాళ్ళది కరెక్టే.

అందుకని జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు ఈ మాటలు ఉన్నాయో లేదో చదవండి: ఏ డోరు, వాన పడితే నీళ్ళు వస్తున్నాయి, ఇది ఎన్నోసారి, కిలోమీటర్ల రీడింగు ఎంత. రాయకపోతే రాయించండి. సిస్టంలో ఆ కాలమ్ లేదంటే పెన్నుతో రాయించి ఫొటో తీసుకోండి. కారు తిరిగి తీసుకునేటప్పుడు ఏం మార్చారో కూడా రాయించుకోండి, "చెక్ చేశాం, ఓకే" అనేది పనికిరాదు. రెండు మూడు సార్లు ఒకే ఫిర్యాదుతో జాబ్ కార్డులు ఉంటే, కమిషన్‌లో మీ తరఫున అవే మాట్లాడతాయి.

ఆ తర్వాత ఒక ఉత్తరం. షోరూంకి ఒకటి, కార్ల కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి ఒకటి. అడ్రసు వారంటీ పుస్తకంలో ఉంటుంది. లాయరు నోటీసే కావాలని చట్టంలో లేదు, మీరే రాయొచ్చు. ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన మీ దగ్గర కొన్న ఫలానా నంబరు కారులో ఎడమ వెనక డోరు నుంచి వాన నీళ్ళు లోపలికి వస్తున్నాయి. ఫలానా తేదీల్లో రెండుసార్లు మీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. సమస్య పోలేదు. కారు వారంటీలో ఉంది. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఉచితంగా బాగుచేసి, తడిసిన కార్పెట్, కింది ఫోమ్ మార్చి ఇవ్వగలరు. లేనిపక్షంలో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

ఈమెయిల్ చేయండి, పోస్టులో కూడా పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి అందినట్టు రుజువు కావాలని పోస్టాఫీసులో అడిగి పంపండి. రసీదు దాచుకోండి.

1915కి ఫోన్

ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. వాట్సాప్ నంబరు 8800001915. వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేసి బిల్లు, జాబ్ కార్డులు అప్‌లోడ్ చేయొచ్చు. వాళ్ళు ఒక డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) ఇచ్చి మీ ఫిర్యాదును కంపెనీకి పంపుతారు. ఇది కోర్టు కాదు, కంపెనీని ఆదేశించే అధికారం దీనికి లేదు. అయినా నా అనుభవంలో షోరూం కౌంటర్‌లో కదలని ఫైలు కంపెనీ పెద్దాఫీసు నుంచి మెయిలొస్తే కదులుతుంది. కమిషన్‌కి పోవాలంటే ముందు 1915కి చేసి ఉండాలన్న నియమం మాత్రం ఏమీ లేదు.

జిల్లా కమిషన్‌లో కేసు

చట్టం పేరు వినియోగదారుల రక్షణ చట్టం, 2019. 2020 జులై నుంచి అమల్లో ఉంది. పాత చట్టం నాటి కంటే మనకి పెద్ద వెసులుబాటు ఏమిటంటే, మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. కారు చెన్నైలో కొని ఆత్మకూరులో ఉంటున్నా నెల్లూరు కమిషన్‌లో వేయొచ్చు. ప్రకాశం వాళ్ళకి ఒంగోలు. జిల్లాల సరిహద్దులు మారిన మండలాల వాళ్ళు మాత్రం తమ మండలం ఏ కమిషన్ కిందికి వస్తుందో ఆఫీసులో ఒకమాట అడిగి వేయండి.

మీరు వస్తువుకి చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే. ఫీజు కూడా ఆ ధరను బట్టే, మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు. 5 లక్షల దాకా ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల దాకా ₹200, 10 నుంచి 20 లక్షల దాకా ₹400, 20 నుంచి 50 లక్షల దాకా ₹1,000. పది లక్షల కారుకి రెండొందలంటే ఒకసారి కార్ వాష్ చేయించిన ఖర్చు కూడా కాదు.

గడువు రెండేళ్ళు. కారణం ఏర్పడిన రోజు నుంచి లెక్క. ఆలస్యమైతే సరైన కారణం చూపి మన్నించమని అడగొచ్చు, కానీ దాని మీద ఆధారపడొద్దు. వారంటీ ఇంకా ఉంది కదా అని మూడు వానాకాలాలు చూస్తూ కూర్చుంటే గడువు దాటిపోతుంది.

ట్యాక్సీ నడుపుకునే వాళ్ళకి ఒక మాట. వ్యాపారం కోసం కొన్న వస్తువుకి ఈ చట్టం వర్తించదు. కానీ బతుకుతెరువు కోసం స్వయంగా నడుపుకునే కారైతే వర్తిస్తుంది. ఆ సంగతి ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి.

షోరూంని, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. ఒకరిని వదిలేస్తే ఉన్నవాళ్ళు లేనివాళ్ళ మీదికి నెడతారు.

ఇక ఏం అడగాలి? కోపంలో అందరూ రాసేది "కొత్త కారు ఇవ్వాలి" అని. మా ఆఫీసాయన కూడా మొదట అదే రాశాడు, నేను కొట్టేయించాను. వారంటీ కింద కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం, మార్చడం వరకే అని 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. ఎన్నిసార్లు చేసినా బాగుపడని లోపమని రుజువు చేయగలిగితే సంగతి వేరు. డోర్ లీకేజీకి న్యాయంగా అడగదగినవి ఇవి: ఉచిత మరమ్మతు, కార్పెట్, ఫోమ్ మార్పిడి, సీటు కింద వైర్ల కనెక్టర్లు తుప్పు పట్టి ఉంటే వాటి మార్పిడి, బయట పెట్టిన ఖర్చు, ఇబ్బందికి కొంత పరిహారం, కేసు ఖర్చులు.

కేసు ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయొచ్చు. 2025 జనవరి 1న మొదలైంది, అంతకుముందు ఈ-దాఖిల్ ఉండేది. మొబైల్ నంబరు, ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, వినియోగదారుడిగా నమోదై, రాష్ట్రం, జిల్లా కమిషన్ ఎంచుకోవాలి. చెల్లించిన ధర, ప్రతివాదుల పేర్లు, అడ్రసులు, ఈమెయిళ్ళు నింపి కాగితాలు పీడీఎఫ్‌గా ఎక్కించాలి. ఫీజు అక్కడే కట్టొచ్చు. ఎక్కించాల్సినవి: విషయ సూచిక, తేదీల వారీగా జరిగింది రాసిన జాబితా, ఫిర్యాదు, నోటరీ చేసిన అఫిడవిట్ (ప్రమాణ పత్రం), కారు ఇన్‌వాయిస్, ఆర్‌సీ, వారంటీ పేజీలు, జాబ్ కార్డులు, ఉత్తరాలు, పోస్టు రసీదులు, ఫొటోలు, ఆధార్. వీడియోని పెన్‌డ్రైవ్‌లో పెట్టి దాని గురించి ఫిర్యాదులో ప్రస్తావించండి. ప్రతి పేజీకి నంబరు వేసి సంతకం పెట్టండి. మా ఆఫీసాయన ఫైలు మొదటిసారి వెనక్కి వచ్చింది ఎందుకో తెలుసా? పేజీ నంబర్లు లేవు, రెండు జాబ్ కార్డుల ఫొటోలు చదవడానికి వీల్లేకుండా మసకగా ఉన్నాయి. సరిచేసి మళ్ళీ పంపితే కేసు నంబరు పడింది.

లాయరు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. లోపం తయారీలోనే ఉందని అంటున్నప్పుడు మాత్రం స్వతంత్రంగా ఒక ఆటోమొబైల్ ఇంజనీరు చేతనో లైసెన్సున్న సర్వేయరు (బండ్ల నష్టం అంచనా వేసేవాడు) చేతనో కారు చూపించి రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. ఎందుకంటే పరీక్ష లేకుండా తేలని లోపమైతే కమిషన్ కూడా పరీక్షకే పంపుతుంది, దానికి ఫీజు మిమ్మల్నే కట్టమనవచ్చు.

వేసిన తర్వాత

ఫిర్యాదును స్వీకరించాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. స్వీకరిస్తే అవతలివాళ్ళకి నోటీసు పోతుంది. జవాబుకి వాళ్ళకి 30 రోజులు, అడిగితే ఇంకో 15. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష కావలసింది ఐదు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం. నిజంగా అంతలో అయిపోతుందని మాత్రం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోకండి. మధ్యలో రాజీకి వీలుంటే మధ్యవర్తిత్వానికి పంపుతారు, ఇలాంటి చిన్న లోపాల్లో అది మంచిదే.

తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు. కంపెనీ అప్పీలుకి పోవాలంటే కట్టమన్న సొమ్ములో సగం ముందు డిపాజిట్ చేయాలి. తీర్పు వచ్చాక కూడా ఇవ్వకపోతే అదే కమిషన్‌లో అమలు కోసం పిటిషన్ వేయొచ్చు. ఆదేశాన్ని పాటించకపోతే నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా ₹25,000కి తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

వరద నీళ్ళయితే దారి వేరు

నెల్లూరులో మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి కింద నీళ్ళలో ఇరుక్కుని డోర్ల సందుల్లోంచి లోపలికి వచ్చాయనుకోండి, అది కారు లోపం కాదు. ఓన్ డ్యామేజ్ (మన సొంత కారుకి జరిగిన నష్టం) ఉన్న ఇన్సూరెన్స్ పాలసీలో వరద, తుఫాను నష్టానికి క్లెయిమ్ ఉంటుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. వాళ్ళు కాదంటే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉచితంగా రాసుకోవచ్చు. అదే రబ్బరు పాతబడి వాన నీళ్ళు కారుతుంటే ఇన్సూరెన్స్ రాదు.

నా సంగతి 1915కి చేసిన పంతొమ్మిదో రోజుకి తేలింది. కంపెనీ వాళ్ళ మనిషి వచ్చి డోర్ ప్యానెల్ విప్పించాడు. షీటు కింది అంచు జానెడు మేర ఊడి వేలాడుతోంది. షీటు, కార్పెట్ మార్చారు. "సమస్య పూర్తిగా పరిష్కారమైంది, ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు" అన్న కాగితం ఒకటి ముందుకు జరిపారు. ఇంకా ఒక్క వాన కూడా పడలేదు కదా, సంతకం పెట్టలేదు. "ఎడమ వెనక డోరు షీటు మార్చాం, మళ్ళీ నీళ్ళు వస్తే ఉచితంగా చూస్తాం" అని జాబ్ కార్డులో రాయించుకుని, దానికింద పెట్టాను. కార్పెట్ మీద ఇప్పటికీ ఒక పాత పేపరు పరిచి ఉంచుతాను, వాన పడిన మర్నాడు తీసి చూస్తాను.