సూపర్‌వైజరు పోస్టుకు ఒప్పుకునే ముందు వెల్డరు తేల్చుకోవలసినవి

పైపు వెల్డింగులో పదేళ్లు దాటిన మంచి పనివాడికి ఏదో ఒక రోజు ఆఫీసు నుంచి పిలుపు వస్తుంది. విశాఖలోనైనా, హైదరాబాదు శివార్లలోనైనా, గల్ఫ్‌లోని రిఫైనరీ సైట్లలోనైనా చెప్పే మాట ఒకటే: ఇకపై వెల్డింగు టార్చి పక్కన పెట్టి సూపర్‌వైజరుగా రమ్మంటారు. పేరుకు ఇది పదోన్నతే గానీ, నిజానికి తెలిసిన పని వదిలి తెలియని పనిలో కొత్తగా చేరడం. కాబట్టి జవాబు చెప్పడానికి రెండు మూడు వారాల గడువు అడగండి. ఆ మాత్రం గడువు ఇవ్వడానికి ఇష్టపడని యాజమాన్యం రేపు ఆ పోస్టులో మీ మాటకు ఎంత విలువ ఇస్తుందో ఊహించుకోవచ్చు.

ఆ గడువులో మొదట చేయవలసింది, ఇప్పటి పనిలో మీకు తృప్తి ఎక్కడి నుంచి వస్తోందో గుర్తించడం. షిఫ్టు దిగగానే ఆ రోజు ఏ గంట తెలియకుండా గడిచిపోయిందో, ఏ గంట ఎంతకూ గడవలేదో రెండు ముక్కల్లో రాసుకోండి. టిగ్ వెల్డింగుతో రూట్ రన్, అంటే జాయింటు అడుగున పడే మొదటి పొర, వేస్తున్నంతసేపూ ఆకలి కూడా గుర్తురాని వారు, మర్నాడు ఎక్స్‌రే ఫిల్ములో తమ జాయింటు మచ్చ లేకుండా వచ్చిందని తెలిశాక గానీ మనసు కుదుటపడని వారు ఉంటారు. సూపర్‌వైజరుకు సాయంత్రానికి అలా చేత్తో తడిమి చూసుకునే ఫలితం ఏదీ మిగలదు. పర్మిట్లు తీసుకోవడం, హాజరు చూడటం, రాని ఎలక్ట్రోడ్ల కోసం స్టోర్సు చుట్టూ తిరగడం, ఎవరో వేసిన జాయింటుకు రిపేరు ఎందుకొచ్చిందో క్లయింటుకు సంజాయిషీ చెప్పడం, రాత్రి కూర్చుని రోజువారీ రిపోర్టు నింపడం అతని పని. అయితే అందులో తృప్తి లేదనడం అన్యాయం. పదిమంది మనుషులనూ, ఆలస్యంగా వచ్చిన పైపులనూ, మరమ్మతుల కోసం ప్లాంటు ఆపే షట్‌డౌన్‌కు తరుముకొస్తున్న గడువునూ ఒక దారికి తెచ్చి, ఎవరికీ దెబ్బ తగలకుండా షిఫ్టు ముగించడంలో నిజమైన ఆనందం పొందేవారు ఉన్నారు. మీరు వారిలో ఒకరా కాదా అన్నదే తేలాలి.

ఇక్కడ చాలామంది ఒక విషయంలో పొరబడతారు. కుర్రవాళ్లకు పని నేర్పడం ఇష్టం కాబట్టి సూపర్‌వైజరు పోస్టు తమకు సరిపోతుందని అనుకుంటారు. నేర్పడం వేరు, పురమాయించడం వేరు. పురమాయించేవాడికి నేర్పడానికి తీరిక దొరకడమే అరుదు.

దీన్ని తేల్చుకోవడానికి మంచి మార్గం, ఇప్పటి సూపర్‌వైజరు సెలవులో ఉన్నప్పుడు ఆ బాధ్యతను కొన్నాళ్లు తాత్కాలికంగా చేసి చూడటం. ఆ రోజుల్లో మిమ్మల్ని మీరే గమనించుకోండి. ఎవరైనా జాయింటు చెడగొడుతుంటే కారణం అడిగి, కరెంటు సెట్టింగు సరిచేయించి పక్కకు తప్పుకోగలుగుతున్నారా, లేక టార్చి లాక్కుని మీరే వేసేస్తున్నారా? లాక్కుంటున్నారంటే మీ చెయ్యి ఇంకా పనిని వదలలేదన్నమాట. నిన్నటిదాకా కలిసి టీ తాగిన వాడికి గైరుహాజరు వేయవలసి వచ్చినప్పుడు మీకు ఎలా ఉందో కూడా గుర్తుంచుకోండి.

తరువాత డబ్బు లెక్క. 8 గంటల పనిదినాలు 26 చొప్పున నెలకు 20,800 రూపాయల వేతనమైతే గంటకు 100 రూపాయలు పడుతుంది. చట్టప్రకారం ఓవర్‌టైముకు రెట్టింపు ఇవ్వాలి కనుక 40 గంటల ఓటీకి 8,000 రూపాయలు వస్తాయి. సూపర్‌వైజరు జీతం 26,000 అన్నారనుకోండి, కాగితం మీద అది పెంపే. ఓటీ చేసే నెలతో పోలిస్తే 2,800 రూపాయల తగ్గుదల. పైగా 2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, పర్యవేక్షణ హోదాలో నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం పొందేవారు ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి రారు. ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చినప్పుడు కార్మికుడిగా అడగగలిగే రక్షణలు కొన్ని అప్పుడు మీకు వర్తించవు. అందువల్ల ఓటీకి బదులు ఏమిస్తారో, ఏ హోదా రాస్తారో నోటిమాటగా కాక ఆర్డరులో చూసుకున్నాకే సంతకం చేయండి.

చేతిపని నిలుపుకోవడం గురించి ముందే మాట్లాడుకోవాలి. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ఆస్మీ (ASME) కోడ్ తొమ్మిదో సెక్షన్ ప్రకారం, ఒక వెల్డింగు పద్ధతిలో 6 నెలలపాటు పని చేయకపోతే ఆ పద్ధతిలో వెల్డరుకున్న అర్హత పోతుంది. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు మీద, 6జీ పరీక్షలో కష్టపడి సంపాదించుకున్న అర్హత అయినా ఇంతే. మళ్లీ టెస్టు పీసు వేసి నెగ్గితే దాన్ని పునరుద్ధరించుకోవచ్చు గానీ, అంతకన్నా 6 నెలలు నిండకముందే నిజమైన జాయింటు ఒకటి వేసి, రికార్డులో నమోదు చేయించుకోవడం సులువు. ఆరు నెలలో, ఏడాదో చూసి నచ్చకపోతే పాత గ్రేడుకే తిరిగి రావచ్చన్న షరతును కూడా రాయించుకోండి. అడగడానికి మొహమాటపడవలసిన విషయం కాదిది.

నడుమూ మోకాళ్లూ మొరాయిస్తున్నాయి కాబట్టి పని మారక తప్పదనుకునే వారికి సూపర్‌వైజరు పోస్టు ఒక్కటే దారి కాదు. వెల్డింగు ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్ పరీక్షలున్నాయి. వాటికి చూపు పరీక్ష కూడా ఉంటుంది కనుక ముందు కళ్లు చూపించుకోవాలి. నేర్పడంలో ఆనందం ఉన్నవారికి ఐటీఐ బోధకులను తయారుచేసే ఏడాది కోర్సు ఉంది. హైదరాబాదు విద్యానగర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ అందుకు తెలిసిన చోటు.

అన్నీ చూశాక వద్దనుకుంటే, ఆ మాట త్వరగా, కారణంతో చెప్పండి. ‘నాకు చేతకాదు సార్’ అని తగ్గించుకోకండి. కష్టమైన జాయింట్లు, మిశ్రలోహపు పైపులు మీకే అప్పగించమనీ, అందుకు తగిన గ్రేడు ఇవ్వమనీ అదే సమావేశంలో కోరండి. వెల్డరు కొరత ఉన్న సైటులో ఈ బేరం తేలిగ్గా కుదురుతుంది. బృందంలో మనుషులను నడిపే నేర్పున్న ఫిట్టరో, బరువులు ఎత్తించే రిగ్గరో ఉంటే ఆ పేరు మీరే సూచించవచ్చు.