షార్ట్‌కట్ తెరుచుకోవడం లేదా? ముందు ఆ ఒక్క అక్షరం చూడండి

రోజూ వాడే ఫోల్డర్లకు డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్లు పెట్టుకోవడం అందరికీ వచ్చు. అవి మొరాయించిన రోజు మాత్రం వైరస్ అంటారు, విండోస్ మళ్లీ ఎక్కించమంటారు. షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ అన్న గడిని చదివి నా దగ్గరకు వచ్చినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

ఐకాన్లన్నీ ఒక్కసారిగా మాయం

డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, వ్యూలో ‘షో డెస్క్‌టాప్ ఐకాన్స్’ పక్కన టిక్ ఉందో లేదో చూడండి. చాలావరకు అంతే.

పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే అక్కడ తెరుచుకోలేదు

మీరు తీసుకెళ్లింది ఫోల్డర్‌ను కాదు, దాని చిరునామా రాసిన చీటీని. ఐకాన్ ఎడమ మూలన చిన్న బాణం ఉంటే అది షార్ట్‌కట్. దాని సైజు మామూలుగా ఒకటి రెండు కేబీలు. పెళ్లి ఫొటోలన్నీ రెండు కేబీల్లో ఎలా పట్టాయన్న అనుమానం కూడా రాదా? రైట్ క్లిక్‌లో ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కి, అసలు ఫోల్డర్‌ను కాపీ చేసుకోండి.

నిన్న తెరుచుకుంది, ఈరోజు లేదు

నన్ను ఏడిపించింది ఇదే. ఒక ఫొటో స్టూడియోలో ఆల్బమ్‌లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లో ఉండేవి. షార్ట్‌కట్ కొన్నాళ్లు పనిచేసేది, కొన్నాళ్లు ‘ఫైలు లేదు’ అనేది. నేనూ ముందు వైరస్ కోసమే వెతికాను. తర్వాత పాత షార్ట్‌కట్ తీసేసి కొత్తది పెట్టాను. పనిచేసింది. రెండు రోజులకు అదీ పడుకుంది.

చివరికి టార్గెట్ చదివితే తెలిసింది. తగిలించిన ప్రతి డ్రైవ్‌కూ విండోస్ ఒక ఇంగ్లిష్ అక్షరం ఇస్తుంది. టార్గెట్‌లో జి డ్రైవ్ అని ఉంది, హార్డ్‌డిస్క్ మాత్రం హెచ్ అయి కూర్చుంది. పొద్దున్నే ఎవరో కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను హార్డ్‌డిస్క్ కన్నా ముందు పెట్టారు. ఖాళీగా కనబడిన జి అక్షరాన్ని విండోస్ దానికి ఇచ్చేసింది. వెనక వచ్చిన హార్డ్‌డిస్క్‌కు తర్వాతి అక్షరం దక్కింది. అందుకే కొత్త షార్ట్‌కట్ పెట్టడం మందు కాదు, అక్షరం మళ్లీ మారేదాకా ఊరట మాత్రమే.

ఇంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. దాదాపు కెమెరా కార్డులన్నింటిలోనూ డీసీఐఎం అనే ఫోల్డర్ ఉంటుంది. మీ షార్ట్‌కట్ గురి ఆ పేరు మీదే ఉంటే, ఏ హెచ్చరికా లేకుండా వేరేవాళ్ల కార్డు తెరుచుకుంటుంది. మీరు అందులోనే ఫైళ్లు చెరిపేస్తారు.

పరిష్కారానికి రెండు నిమిషాలు చాలు. హార్డ్‌డిస్క్ పెట్టి, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఆ డిస్క్ అక్షరం కనిపించే గడి మీద రైట్ క్లిక్ చేసి ‘చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్’ ఎంచుకోండి. పి, ఎస్ లాంటి దూరపు అక్షరం ఒకటి ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌లకు విండోస్ ముందు వరుసలోని అక్షరాలే పంచుతుంది కాబట్టి ఇంత దూరం రాదు. తర్వాత షార్ట్‌కట్లు కొత్తగా పెట్టుకోండి, ఈసారి నిలుస్తాయి. సి డ్రైవ్ జోలికి, ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసిన మరే డ్రైవ్ జోలికి వెళ్లకండి. వాటి అక్షరం మారిస్తే ఆ ప్రోగ్రాములే తెరుచుకోవు.

మిగతావి

షార్ట్‌కట్‌కు ఇచ్చుకున్న కంట్రోల్, ఆల్ట్ మీటల కలయిక పనిచేయడం మానేసిందా? శుభ్రం చేద్దామని ఆ షార్ట్‌కట్‌ను ఏదో ఫోల్డర్‌లోకి నెట్టి ఉంటారు. డెస్క్‌టాప్ మీదో స్టార్ట్ మెనూలోనో ఉంటేనే అది పలుకుతుంది. ప్రొజెక్టర్ తగిలించాక ఐకాన్లు చెల్లాచెదురైతే రిజల్యూషన్ మారినట్టే. ఐకాన్లు తెల్ల కాగితాల్లా కనిపిస్తే ఒకసారి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ పోకపోతే ఆ ప్రోగ్రాము అసలు ఉందో, ఎవరైనా తీసేశారో చూడండి.